పాచి పని

"ఏ చిట్యాల?" అని హైదరాబాద్‌లో ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. విజయవాడ హైవే మీద నల్గొండ జిల్లాలో ఉన్న చిట్యాల కాదు. మాది పరకాల వైపు, ఒకప్పటి వరంగల్ జిల్లా, ఇప్పటి జయశంకర్ భూపాలపల్లి జిల్లా. ఇంకా కొందరు చిట్యాల అనగానే ఐలమ్మ పేరు ఎత్తుతారు. అది ఊరు కాదు, ఆమె ఇంటిపేరు. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలబడి తన పంట తాను దక్కించుకున్న చిట్యాల ఐలమ్మని లోకం చాకలి ఐలమ్మగానే గుర్తుపెట్టుకుంది. ఇంటిపేరు పక్కకు పోయి, చేసే పని పేరు వచ్చి ముందు కూచుంది. శుభ్రం చేసేవాళ్ళ విషయంలో మన భాష ఎప్పుడూ ఇంతే.

మా నానమ్మ మా ఊళ్ళో రెండిళ్ళల్లో పాచిపని చేసేది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, చల్లి, రాత్రి అంట్లు తోమి, నీళ్ళ గోలేనికి పట్టిన పాకురు గీకి వచ్చేది. ఈ 'పాచి' అన్న మాట ఒకసారి ఆగి చూడదగ్గది. పళ్ళమీద రాత్రంతా పట్టేది పాచి. మొహం కడగకపోతే పాచిమొహం. నిలవున్న అన్నం పాచిపోతుంది. బావి మెట్లమీద కాలు జారేది పాచి. వీటన్నిటినీ కడిగే పని కూడా పాచిపనే. మురికికీ, దాన్ని వదిలించే పనికీ ఒకటే పేరు. ఆ పేరే చివరికి మనిషికి అంటుకుంటుంది.

ఇదంతా ఎందుకంటే, నేను చదువుకున్న సైన్సులో ఈ పాచికి ఇంకో పేరుంది: బయోఫిల్మ్. ఫ్యాక్టరీల విషపు నీళ్ళని విరగ్గొట్టడానికి ఇవాళ ప్రపంచమంతా దాన్ని పనిలో పెట్టుకుంటోంది. డిగ్రీ అయ్యాక కొన్నాళ్ళు నేనూ దాని మీద సూపర్‌వైజర్‌గా ఉన్నాను.

*

బాక్టీరియా అనగానే నీళ్ళల్లో ఒంటరిగా ఈదే చుక్కలు మన కళ్ళముందు మెదులుతాయి. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో అట్లాగే ఉండేవి. నిజానికి వాటికి దొరికితే ఏదో ఒక గోడ పట్టుకుని స్థిరపడటమే ఇష్టం. రాయికో, పంటికో, పైపుకో ముందు కొన్ని అతుక్కుంటాయి. అతుక్కున్నాక జిగురు వదులుతాయి. ఆ జిగురులో ఎక్కువ భాగం నీళ్ళే, మిగతాది చక్కెరల, ప్రొటీన్ల అల్లిక. దాంట్లోకి వేరే జాతులు వచ్చి చేరతాయి. కొన్ని వారాల్లో అదొక ఊరవుతుంది. పైపొరకి ఆక్సిజన్ అందుతుంది, లోపలికి పోయేకొద్దీ అందదు. కాబట్టి పైన ఒక రకం జీవులు, అడుగున ఇంకో రకం. పైనున్నవి అమ్మోనియాని నైట్రేట్‌గా మారిస్తే, అడుగున ఉన్నవి ఆ నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చి గాల్లోకి వదిలేస్తాయి. ఒకదాని ఎంగిలి ఇంకోదానికి భోజనం. ఫినాల్ లాంటి విషాన్ని తినగలిగే జాతులు చాలావరకు మెల్లగా పెరుగుతాయి. ఒట్టి నీళ్ళల్లో అయితే ప్రవాహంతో పాటు కొట్టుకుపోతాయి. జిగురులో ఉంటే నిలదొక్కుకుంటాయి. విషం ఒక్కసారిగా ఎక్కువ వచ్చినా దెబ్బ ముందు పైపొరకే తగులుతుంది, లోపలివి బతికి బయటపడతాయి.

ఈ స్వభావాన్ని మనుషులు పనిలో పెట్టి నూరేళ్ళు దాటింది. 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులో రాళ్ళ గుట్టలమీద మురుగు చిలకరించి, రాళ్ళకి పట్టిన పాచితో శుభ్రం చేయించేవారు. 1980ల చివర్లో నార్వేలో హాల్వర్డ్ ఓడెగార్డ్ అనే ప్రొఫెసర్, ఆయన సహచరులు రాళ్ళ బదులు ప్లాస్టిక్ బిళ్ళలు తెచ్చారు. సెంటీమీటరు వెడల్పున్న చిన్న గొట్టం ముక్క, లోపల ప్లస్ గుర్తులాంటి అడ్డగోడలు. నీటికంటే ఒక్క వాసి తేలిక. ట్యాంకులో లక్షల బిళ్ళలు పోసి కింద నుంచి గాలి కొడితే అవి తిరుగుతూనే ఉంటాయి. బయటి అంచులు ఒకదానికొకటి రాసుకుని నున్నగా అయిపోతాయి, లోపలి గదుల్లో మాత్రం గోధుమరంగు పాచి పెరుగుతుంది. మూవింగ్ బెడ్ బయోఫిల్మ్ రియాక్టర్ అంటారు దాన్ని. మేం 'బిళ్ళల ట్యాంకు' అనేవాళ్ళం.

ఆరోగ్యంగా ఉన్న బిళ్ళల ట్యాంకు వాసన మీకు తెలిసే అవకాశం లేదు గానీ, తొలకరి వానకి తడిసిన మట్టి వాసనకి దగ్గరగా ఉంటుంది. రాత్రి షిఫ్టులో దాని పక్కన నిలబడితే ఎవరో నిద్రపోకుండా పనిచేస్తున్నారన్న ధైర్యం ఉండేది. ఒక ఎండాకాలం ఆ వాసన పోయింది. ప్రొడక్షన్ వాళ్ళు మాకు చెప్పకుండా ఏదో బ్యాచ్ కడుగునీళ్ళు కాలవలోకి వదిలేశారు. రెండు రోజులకి నురగ లేచింది. నాలుగో రోజుకి బిళ్ళలమీద తోలు ఊడి తెల్లగా తేలాయి. బయటికి పోయే నీళ్ళల్లో సీఓడీ, అంటే ఆ నీళ్ళల్లో ఉన్న మలినాన్ని రసాయనంతో పూర్తిగా దహించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క, లీటరుకి 250 మిల్లీగ్రాములు దాటకూడదు. అది ఎన్నో రెట్లు దాటింది. "శాంపిల్‌లో కొంచెం బోరు నీళ్ళు కలుపు" అన్నాడు నా పైవాడు. గొంతులో బెదిరింపు ఏమీ లేదు, చాయ్‌లో చక్కెర వెయ్యి అన్నట్టు అన్నాడు. కలిపాను. రిజిస్టర్‌లో 240 అని రాశాను. నా చేతిరాతే.

ఆ ఫ్యాక్టరీ ఏదో, ఎక్కడుందో ఇక్కడ అనవసరం. నేను అడగాలనుకుంటున్న ప్రశ్న అంతకంటే పాతది. మన మురికిని ఇంకొకరి చేత కడిగించుకున్నాక, ఆ మురికితో మన సంబంధం తెగిపోతుందా?

*

ఈ ప్రశ్నకి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. 1960ల్లో బాలానగర్‌లో ఐడీపీఎల్ వచ్చింది. మందులు తయారు చేసే విద్య అక్కణ్ణుంచి హైదరాబాద్ చుట్టూ పాకింది. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు పెరిగాయి. వాటి మురుగు నక్కవాగులోకి, అక్కణ్ణుంచి మంజీరలోకి చేరింది. బావుల నీళ్ళు రంగు మారాయి, పొలాలు చచ్చాయి. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ కిషన్ రావు తన దగ్గరికొచ్చే రోగుల్ని చూసి ఉద్యమంలోకి దిగారు. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. చిన్న ఫ్యాక్టరీలు ఎవరికి వారు శుద్ధి చేసుకోలేరు కాబట్టి అందరికీ ఉమ్మడిగా ఒక శుద్ధి కేంద్రం ఉండాలన్నారు. 1990ల్లో పటాన్‌చెరులో అది వచ్చింది. ట్యాంకర్లలో మురుగు వస్తుంది, సూక్ష్మజీవులు తింటాయి, శుద్ధి చేసిన నీళ్ళు పోతాయి.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం ఆ 'శుద్ధి చేసిన నీళ్ళ'ని పరీక్షించి ఒక పరిశోధన ప్రచురించింది. సుమారు 90 బల్క్ డ్రగ్ తయారీదారుల మురుగు అక్కడికి వస్తోంది. బయటికి పోయే నీళ్ళల్లో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. వాళ్ళ అంచనా ప్రకారం రోజుకి 45 కిలోలు. స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో వాడే మందు ఒక్క రోజులో వాగులోకి పోతోంది.

ఇక్కడ నన్ను కుదిపే విషయం ఒకటుంది. అదే 2007లో, లార్సన్ వ్యాసం వచ్చిన అదే శాస్త్ర పత్రికలో, తార్నాకలోని ఐఐసీటీ నుంచి ఎస్. వెంకటమోహన్ బృందం వ్యాసం కూడా వచ్చింది. కుళ్ళడానికి మొరాయించే రకరకాల రసాయనాల మిశ్రమ మురుగుని బయోఫిల్మ్ రియాక్టర్‌తో శుద్ధి చేయడం గురించి. పాచి ఏం చేయగలదో ఒకరు రాశారు. జీవుల చేత చేయించిన శుద్ధి తర్వాత కూడా ఏం మిగిలిపోతోందో ఇంకొకరు రాశారు. రెండూ నిజాలే. రెండిటి మధ్యా ఖాళీ ఉంది చూశారా, నేను రిజిస్టర్‌లో 240 అని రాసింది ఆ ఖాళీలోనే.

పటాన్‌చెరులో అప్పుడున్నది బిళ్ళల పద్ధతి కాదు, బురదని నీళ్ళలో తేలుస్తూ గాలి కొట్టే పాత పద్ధతి. కానీ రెండిట్లోనూ కూలీలు ఒక్కరే, బాక్టీరియా. ఫ్యాక్టరీ మురుగు మీద అవి సరిగా బతకవని, వాటికి ఊపునివ్వడానికి ఇళ్ళ మురుగు కూడా కలిపేవారు. ఇళ్ళ మురుగంటే మనిషి పేగుల్లోని బాక్టీరియా. అంటే ఒకే ట్యాంకులో మన ఒంట్లోంచి వచ్చిన సూక్ష్మజీవుల్నీ, సూక్ష్మజీవుల్ని చంపడానికి తయారైన మందునీ కలిపి, తినండి అన్నాం.

అవి ఏం చేశాయి? మొదట చచ్చిపోయాయి. చావని కొన్ని నేర్చుకున్నాయి. నేర్చుకున్నది పక్కవాటికి చెప్పాయి. బాక్టీరియాకి చదువు చెప్పడమంటే జన్యువుని తుంచి చేతికివ్వడమే, అది జాతి కూడా చూడదు. అంత దగ్గర దగ్గరగా, జిగురులో ఒకదాన్ని ఒకటి ఆనుకుని బతికే చోట ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఇంకా సులువు. 2013లో అదే శుద్ధి కేంద్రం నుంచి తీసిన 93 రకాల బాక్టీరియాని 39 యాంటీబయాటిక్స్‌తో పరీక్షించారు. నూటికి 86 రకాలు 20 లేదా అంతకంటే ఎక్కువ మందులకి లొంగలేదు. అవన్నీ మనకి జబ్బు చేసేవే అని కాదు. కానీ ఆ జన్యువులు ఎక్కడికైనా ప్రయాణం చేయగలవు. 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది మందులకి లొంగని బాక్టీరియా వల్లే చనిపోయారని ఒక అంచనా. ఆ చావుల్ని తెచ్చి పటాన్‌చెరు ఖాతాలో వేయడం అన్యాయం. విచ్చలవిడిగా మందులు రాసే డాక్టర్లు, మధ్యలో ఆపేసే రోగులు, కోళ్ళఫారాలు అందరూ ఉన్నారు అందులో. పటాన్‌చెరు మనకి చూపించింది వేరే సంగతి: కడిగేవాళ్ళు కడిగే ముందు ఎట్లా ఉన్నారో కడిగాక అట్లా ఉండరు. మన మురికి వాళ్ళని మారుస్తుంది. ఆ మార్పు తిరిగి మన గడపకే వస్తుంది.

*

ఇక్కడ ఒక అభ్యంతరం నాకే వస్తోంది. పాచిపని చేసిన నానమ్మ గురించి మొదలుపెట్టి బాక్టీరియా దగ్గరికి రావడం ఏం పద్ధతి? శుభ్రం చేసే మనుషుల్ని పురుగులతో పోల్చిన చరిత్ర మనకి ఇప్పటికే ఉంది, నేను కొత్తగా కలపాల్సింది లేదు. బాక్టీరియాకి బాధ లేదు, అవమానం లేదు, ఐలమ్మలా ఎదురు తిరిగే కోపం లేదు. నేను పోలుస్తున్నది కడిగేవాళ్ళని కాదు. కడిగించుకునే మనల్ని. మన అలవాటు రెండు చోట్లా ఒకటే: కంటికి కనపడని చోటుకి తోసెయ్యి, తోసిన దానికి ఒక మంచి పేరు పెట్టు, అక్కడ పనిచేసేదాని గురించి అడక్కు.

'శుద్ధి' అన్న మాటే తీసుకోండి. ఇంట్లో మైల జరిగితే పసుపునీళ్ళు చల్లి శుద్ధి అయిందంటారు. గోడ అదే, నేల అదే. మారింది పేరు. మన శుద్ధి కేంద్రాల్లో కొంత నిజంగా శుద్ధి జరుగుతుంది, కొంత పసుపునీళ్ళ వ్యవహారం జరుగుతుంది. బయట నుంచి చూసేవాడికి రెండిటికీ తేడా తెలియదు. ఎందుకంటే మనం కొలిచేది సీఓడీ. లీటరుకి 31 మిల్లీగ్రాముల సిప్రో ఉన్నా దానివల్ల పెరిగే సీఓడీ కొద్దిగానే, 250 హద్దు లోపల హాయిగా దాక్కోగలదు. నేను బోరు నీళ్ళు కలపకపోయినా, అంతా నిజాయితీగా చేసినా, కాగితం మీద నీళ్ళు శుభ్రంగానే ఉండొచ్చు. నా అబద్ధం కంటే ఆ నిజం నన్ను ఎక్కువ భయపెడుతుంది.

చోటు మార్చడం ఇంకో పద్ధతి. పటాన్‌చెరు నీళ్ళు మంజీరలో కలుస్తున్నాయని గొడవ అయితే, పైపులైను వేసి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి మళ్ళించారు. నగరం మురుగుతో కలిసి అవి మూసీలోకి పోతాయి. మంజీర గోదావరికి ఉపనది, మూసీ కృష్ణకి. గోదావరి పాపం కృష్ణకి మారింది. మూసీ నీళ్ళతో వరి పండించే నల్గొండ వైపు రైతుని ఎవరూ అడగలేదు. ఇప్పుడు చాలా ఫ్యాక్టరీలు చుక్క నీరు బయటికి పోనివ్వమంటూ నీళ్ళన్నీ ఆవిరి చేస్తున్నాయి. మంచిదే. అడుగున మిగిలిన ఉప్పూ బురదా దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాల గుట్ట కిందికి చేరతాయి. పాచి గొప్పతనం తెలిసేది ఇక్కడే. ఆవిరి చేయడం, పాతిపెట్టడం, పైపులో పంపడం అన్నీ చోటు మార్చడాలే. విషపు అణువుని పట్టుకుని దాని ఎముకలు విరిచి, బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మార్చి, లేకుండా చేయగలిగినవాటిలో అన్నిటికంటే చౌకైనది ఆ గోధుమరంగు పొరే. అందుకే దాని మీద ఏం వేస్తున్నామన్నది ఇంత ముఖ్యం.

ఇంకో అభ్యంతరం మా ఇంట్లోంచే వచ్చింది. ఇదంతా చెబితే మా నాన్న, "మరి నీకు చిన్నప్పుడు నిమోనియా వచ్చినప్పుడు ఆ మందు అగ్గువకు దొరకకపోతే ఉండేటోనివా?" అన్నాడు. నిజమే. హైదరాబాద్ చుట్టూ తయారైన చౌక మందులు ఎన్ని దేశాల్లో ఎన్ని ప్రాణాలు నిలబెట్టాయో లెక్క లేదు. ఫ్యాక్టరీలు మూసేయమనడం తేలిక, మందు కొనుక్కోలేని వాడి ముందు నిలబడి ఆ మాట అనడం కష్టం. కానీ చౌక అన్నామే, ఆ ధరలో ఒక భాగాన్ని నక్కవాగు పక్కనున్న రైతు కట్టాడు, మందు చీటీ రాయించుకోకుండానే. బిల్లు ఎవరో కడుతున్నారు కాబట్టే మనకి చౌకగా కనిపిస్తోంది. మందు వేసుకునేవాడిదీ, అమ్మేవాడిదీ, కొనే పరాయి దేశపు ఆస్పత్రిదీ, అందరిదీ ఈ నీళ్ళల్లో వాటా ఉంది. శుద్ధి కేంద్రంలో ఉన్న పాచిదొక్కటే కాదు.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. 2020 జనవరిలో కేంద్రం విడుదల చేసిన ముసాయిదాలో మందుల ఫ్యాక్టరీల మురుగులో యాంటీబయాటిక్స్‌కి హద్దులు పెట్టారు. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు మాయమయ్యాయి. 2024 సెప్టెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయంలో మార్గదర్శకాలు ప్రకటించింది. మార్గదర్శకం చట్టం కాదు, తెలిసిందే.

*

మరి ఏం చేయాలి అని అడిగితే నా దగ్గర సిద్ధాంతం లేదు, నానమ్మ చెప్పిన ఒక మాట ఉంది.

తను పాచిపనికి పోయే ఇళ్ళల్లో ఒక ఇంటివాళ్ళు తిన్న కంచాలు తిన్నట్టే పడేసేవాళ్ళట. ఎముకలు, ఈనెలు, కరివేపాకు, ఎండిపోయిన అన్నం అన్నీ అందులోనే. ఇంకో ఇంట్లో ముసలాయన మాత్రం తన కంచంలో మెతుకులు తానే తీసి కుక్కకి వేసి, రెండు చెంబుల నీళ్ళు పోసి పక్కన పెట్టేవాడు. "కడిగేది నేనే, పైసలు అవ్వే, కని ఆ ఇంట్ల నాకు పనిచేసినట్టు ఉండకపోయేది" అనేది. మా ఇంట్లో ఎవరైనా కంచం అట్లాగే వదిలేసి లేస్తే ఊరుకునేది కాదు. "మెతుకులు తియ్యి బిడ్డా. ఎవలు కడిగినా సరే, నీ ఎంగిలి నువ్వు తియ్యాలె."

ఇంజనీరింగ్ భాషలో చెప్పినా ఇదే మాట. యాంటీబయాటిక్ ఉన్న మురుగుని పుట్టిన చోటే, మిగతా నీళ్ళల్లో కలవకముందే వేరు చేయొచ్చు. ఓజోన్‌తోనో, ఇంకో రసాయన పద్ధతితోనో ఆ అణువు పళ్ళు ముందే పీకేసి, మిగతాది పాచికి ఇవ్వొచ్చు. అప్పుడు ట్యాంకులోని జీవులకి దొరికేది తిండి, యుద్ధం కాదు. అవి మందుల్ని ఎదిరించడం నేర్చుకోవాల్సిన అవసరం తగ్గుతుంది. ఇది తెలియని విద్య కాదు, ఖర్చున్న విద్య. ఆ ఖర్చు ఫ్యాక్టరీ లోపల కనిపిస్తుంది, లెక్కలోకి వస్తుంది. కంచం అట్లాగే తోసేస్తే అయ్యే ఖర్చు బయట, వేరేవాళ్ళ బావిలో కనిపిస్తుంది.

పని ఇంకొకరికి అప్పజెప్పడం తప్పని నేను అనుకోను. నాగరికత అంటేనే ఒకరి పని ఒకరు చేసిపెట్టడం. పాచి చేసే పని మనం చేయలేం కూడా. అప్పజెప్పే ముందు మనం ఏం మిగిల్చామన్నదే మన నీతి. అప్పజెప్పాక వెళ్ళి చూశామా లేదా అన్నది దాంట్లో రెండో సగం. నీళ్ళల్లో ఎంత పోయిందని అడగడంతో సరిపెట్టుకోకుండా ఏం పోయింది, ఎక్కడికి పోయింది, ఇప్పుడు దాంట్లో ఎవరు బతుకుతున్నారు అని అడగాలి. ఇవి ఒక లాబ్ రిపోర్టు మీద రాయదగ్గ ప్రశ్నలే. నేను పనిచేసిన రిజిస్టర్‌లో వాటికి గడులు లేవు.

ఆ ఎండాకాలం తెల్లబడ్డ బిళ్ళలు మళ్ళీ గోధుమరంగుకి రావడానికి ఆరు వారాలు పట్టింది. వేరే ప్లాంటు నుంచి బురద తెచ్చి పోశాం, బెల్లం నీళ్ళు పోశాం, రోజూ ఒక బిళ్ళ చేతిలోకి తీసుకుని వేలితో తడిమి చూసేవాణ్ణి. ఒకరోజు వేలికి జారుడు తగిలింది. గోలెం లోపలి గోడలాగా. ఆ నెలాఖరుకి ఉద్యోగం మానేశాను. పెద్ద తిరుగుబాటు ఏమీ కాదు, చిన్న ఉత్తరం రాసి ఇచ్చి వచ్చాను. రిజిస్టర్‌లో ఆ 240 మాత్రం అట్లాగే ఉంది. అది నేను తీయకుండా వదిలేసి వచ్చిన మెతుకు. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.